తీసేసిన వాళ్ల పేజీ

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అత్తకు ఇప్పటికీ తెలియదు. కానీ అందులోంచి ఒక మనిషిని ఎలా తీసేస్తారో మాత్రం బాగా తెలుసు. ఒక్కసారి చూసి నేర్చుకుంది. చూపించింది నేనే.

తిరుపతిలో మా ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన, ఆయన తల్లి. ఆయన నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకు దిగుతాడు. అత్తది చిత్తూరు అవతల, అరవం తెలుగు కలిసిపోయే పల్లె. మామ పోయాక ఉన్న ఒక్క కొడుకు దగ్గరికి వచ్చేసింది. నేను ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెప్పేదాన్ని. ఆ స్కూలు మూతపడింది. ఇంట్లో కూర్చోవడం నాకు చేతకాదు, కూర్చుంటే నోరు ఊరుకోదు, దాంతో ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. అందుకని మా ఆయనే ఏదో ఒక కోర్సు చెయ్యమని బతిమాలాడు.

ఇప్పుడు ఆఫీసుల్లో ఉత్తరాలు, ఫైళ్లు, సెలవు చీటీలు అన్నీ ఇంటర్నెట్టులోనే నడుస్తున్నాయి కదా. ఆ సాఫ్ట్‌వేరును ఒక్కో కంపెనీ అవసరానికి తగ్గట్టు అమర్చిపెట్టే పని నేర్చుకున్నాను. బెంగళూరు కంపెనీ ఒకటి, ఇంట్లో ఉండే చేసుకోవచ్చు, ముందు నీకు వచ్చింది చేసి చూపించు అంది. చేసి చూపించాలంటే ఒక కంపెనీ కావాలి. నాకెక్కడి కంపెనీ? అలాంటి వాళ్ల కోసమే శాండ్‌బాక్స్ అని ఒకటి ఉంటుంది. డెవలపర్లు నేర్చుకోవడానికి ఉచితంగా ఇచ్చే సబ్‌స్క్రిప్షన్. నిజం కంపెనీకి ఉండే హంగులన్నీ ఉంటాయి, కంపెనీ ఒక్కటే ఉండదు. ఇరవై ఐదు మందికి చోటు. అందులో ఏం కట్టినా, ఏం కూలగొట్టినా బయట ఎవరికీ ఏమీ కాదు. వాళ్లు చెప్పేది అదీ. నేనూ అదే నమ్మాను.

దాన్ని పెట్టుకునేటప్పుడు స్క్రీన్ మీద రెండు దారులు చూపించింది. ఒకటి, మనుషులతో సహా సిద్ధంగా ఉన్నది. రెండోది ఖాళీది. మొదటిది నమూనాకు తెరిచి చూశాను. వరసగా తెల్లతోలు మొహాలు, పళ్లు కనబడేలా నవ్వుతూ. జరగని మీటింగుల గురించి ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు. ఆ మొహాల వెనక ఎవరూ లేరు. లేని మనుషులు అంత హుషారుగా మాట్లాడుకుంటుంటే నాకు ఒళ్లు జలదరించింది. వద్దనుకుని ఖాళీదే తీసుకున్నాను.

కంపెనీ పేరు అడిగింది. ఏదీ తోచక మా ఇంటిపేరు కొట్టాను. ఫోన్ నంబరు అడిగింది. మా ఆయనది ఇచ్చాను. గ్యాసు బుక్ చేసినా, కరెంటు బిల్లు కట్టినా, ఆఖరికి నా బ్యాంకు ఖాతాకైనా ఓటీపీ వచ్చేది ఆయన ఫోనుకే. మా వైపు ఇళ్లలో అంతే, ఆడవాళ్లు ఎంత చదివినా ఓటీపీ మాత్రం మగవాడి జేబులోనే మోగుతుంది. నా వేళ్లు అలవాటుగా ఆ నంబరే కొట్టేశాయి. అలా మా ఇంటి పేరు మీద ఒక కంపెనీ పుట్టింది. అందులో అడ్మిన్‌గా నేను ఒక్కదాన్నే. మిగతా చోట్లన్నీ ఖాళీ.

ఆ ఖాళీలు నింపడానికి పేర్లు కావాలి. ఊహించి రాయడానికి బద్ధకం. మా వాళ్లనే కూర్చోబెట్టాను. మా ఆయన ఉద్యోగి. ఆడబిడ్డ, ఆమె మొగుడు, మా తమ్ముడు, అందరూ ఉద్యోగులే. అత్త మేనేజరు. ఆ మాట చెబితే అత్త మొహం వెలిగిపోయింది. తన ఫొటో పెట్టాలంటే మెళ్లో గొలుసు సర్దుకుని, చెవుల కమ్మలు తుడుచుకుని మళ్లీ తీయించుకుంది. ఆమె ఫోనులో కంపెనీ మెయిలు కూడా పెట్టాను. మా ఆయన పేరుతో నేను సెలవు చీటీ పంపితే అది ఆమె ఫోనులో టింగుమని మోగేది. పచ్చ బటను నొక్కితే సెలవు ఇచ్చినట్టు, ఎర్రది నొక్కితే లేనట్టు.

"వానికెందుకు సెలవు? ఇంట్లో పడుకునేదానికా? పనికి పొమ్మను" అని ఎర్రది నొక్కేది.

సాయంత్రం ఆయన బస్సు దిగి రాగానే, నీ సెలవు మీ అమ్మ కొట్టేసిందని చెప్పి ముగ్గురం నవ్వుకునేవాళ్లం. నిజంగా మంచి రోజులు అవి. అత్తకూ నాకూ మధ్య అంత చనువు అంతకు ముందు ఎప్పుడూ లేదు.

బెంగళూరు వాళ్లకు చూపించాల్సిన వాటిలో చివరిది, ఉద్యోగి మానేసినప్పుడు ఏం చెయ్యాలనేది. ముందు లాగిన్ ఆపాలి. సాఫ్ట్‌వేరు వాడుకునే లైసెన్సు తీసేయాలి. అతని ఫైళ్లు అతని మేనేజరుకు అప్పగించి, చివరకు అకౌంటు డిలీట్ చెయ్యాలి. అక్కడ డిలీట్ అంటే వెంటనే పోదు. తీసేసిన వాళ్ల పేజీ అని వేరే ఉంటుంది, నెల రోజులు పేరు అక్కడ ఉంటుంది. ఆ లోపల కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. దాటితే ఇక ఎవరూ తేలేరు.

నవంబరు వానలు పట్టుకున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం అది సాధన చేయడానికి కూర్చున్నాను. ఎక్కువ ఫైళ్లు, ఎక్కువ ఉత్తరాలు ఉన్నది మా ఆయన అకౌంటులో. ఆయన పేరే ఎంచుకున్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నాకు అది పేరు కాదు, జాబితాలో ఒక వరస, అంతే. వస్తువులు ఎవరికి అప్పగించాలని అడిగింది. మేనేజరుకు అన్నాను. చివరి బటను నొక్కాను. చక్కగా జరిగిపోయింది, నా భుజం నేనే తట్టుకోవాలనిపించింది.

వంటింట్లో అత్త ఫోను టింగుమంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏందిమే ఇది? వాడి ఫొటో వచ్చిండాది సూడు. మళ్లా సెలవా?"

అత్తకు ఇంగ్లీషు రాదు. నా గొప్ప చూపించుకునే తొందరలో, ఎక్కడెక్కడ నొక్కి తీసేశానో లాప్‌టాప్‌లో వేలు పెట్టి చూపించి, ఆమెకు వచ్చిన ఉత్తరం ఉన్నది ఉన్నట్టు తెలుగులో చదివి వినిపించాను. "నీ కొడుకు అకౌంటు తీసేశారు అత్తా. ఆయన వస్తువులు ఏమన్నా కావాలంటే నెలలోపల నువ్వు తీసుకోవాలి. ఆ తర్వాత ఉండవు అని రాశారు."

అత్త ఫోను వైపు చూసింది, నా లాప్‌టాప్ వైపు చూసింది. తీసేసిన వాళ్ల పేజీలో ఆయన పేరు, పక్కనే పాస్‌పోర్టు ఫొటో, నవ్వకుండా.

"మీ మామ పోయినప్పుడు మా ఊరి సచివాలయంలో పనిచేసే పిల్ల ఇట్లనే సెప్పింది" అంది అత్త. "రేషను కార్డులోంచి పేరు తీసేసినామవ్వా, ఆయన పేరుమీద ఏమన్నా ఉంటే నెలలోపల మార్చుకో అని. ఇదే మాట. ఇట్లాంటి మిషన్లోనే సూపించింది."

"అత్తా, ఇది ఉత్తుత్తిది. ఆట."

"ఆటైతే వాడి పేరెందుకు పెట్టినావు? వాడి మొకమెందుకు? బతికుండేవాని పేరు ఎవురన్నా తీస్తారా? నీ పేరే తీసుకోకూడదా?"

"నేను అడ్మిన్‌ని అత్తా. నన్ను తీసేస్తే ఇక తీసేవాళ్లెవరు?" అని నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"తిరిగి పెట్టు. ఇప్పుడే పెట్టు" అంది.

సరేలే, ముసలామె మనసు కష్టపెట్టడం ఎందుకని వెనక్కి తెచ్చే బటను నొక్కబోయాను. అంతలో పేజీ తెల్లబడింది. చాలాసేపు కదపకపోతే అది తనంతట తానే మూసుకుంటుంది. మళ్లీ లాగిన్ అవ్వమంది. పాస్‌వర్డ్ కొట్టాను. కోడ్ పంపాం, చూసి కొట్టండి అంది. కోడ్ పోయింది మా ఆయన ఫోనుకు. ఆయన ఫ్యాక్టరీలో ఫోన్లు లోపలికి పోనివ్వరు. గేటు దగ్గర పెట్టెలో పెట్టి పోవాలి.

అత్తకు ఆ సంగతి చెప్పక తప్పలేదు. నీ కొడుకును వెనక్కి తేవాలంటే నీ కొడుకే కోడ్ చెప్పాలి అని.

వాన పెద్దదైంది. ఆయన ఫోనుకు చేస్తే మోగి మోగి ఆగిపోయేది. షిఫ్టు వదిలే వేళ దాటాక మోగడం కూడా మానేసింది. పక్కింటావిడ వచ్చి, కాళహస్తి దారిలో వాగు రోడ్డెక్కిందంట, బస్సులు పోవడం లేదంట, టీవీలో చెప్తున్నారు, మీవాడు వచ్చినాడా అని అడిగి పోయింది. అత్త నా లాప్‌టాప్ ముందు కింద కూర్చుంది. కోడ్ కొట్టమని అడుగుతున్న ఆ ఖాళీ గడిని చూస్తూ ఉంది. అన్నం పెడతానంటే వద్దంది. ఒక్క మాట నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. నాకు దయ్యాల మీద, జాతకాల మీద నమ్మకం లేదు. రాశిఫలాలు చదివేవాళ్లను కూర్చోబెట్టి క్లాసు పీకే రకం నేను. కానీ ఆ సాయంత్రం నాకు భయం వేసింది. సిగ్గు విడిచి చెప్తున్నాను.

ఆయన వచ్చేసరికి ఊళ్లో కరెంటు పోయి వచ్చింది. నిలువునా తడిసిపోయి ఉన్నాడు. గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"బస్సు ఆడనే ఆపేసినారు. తాడు కట్టి ఒక్కొక్కరినీ దాటించినారు. నడుముదాకా నీళ్లు. నడిమధ్యలో కాలు జారింది, ఎనకాలుండేవాడు సొక్కా పట్టుకుని లాగకపోతే పోయుండేవాణ్ని."

"ఎప్పుడు?" అంది అత్త.

"ఏమోమ్మా. పొద్దు కుంకకముందే. ఎందుకు?"

అత్త నా వైపు చూసింది. నేను తల దించుకుని, ఆయన ప్లాస్టిక్ కవరులో చుట్టుకొచ్చిన ఫోను అందుకుని కోడ్ తెప్పించుకున్నాను. లాగిన్ అయ్యాను. ఆయన పేరు వెనక్కి తెచ్చాను. పేరు వెంటనే వచ్చింది. ఫొటో రావడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఆ సేపంతా పేరు పక్కన బూడిదరంగు గుండ్రం ఒకటి ఉండింది, అత్త దాని మీంచి చూపు తిప్పలేదు. తర్వాత లేచి ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చి కొడుకుకు దిష్టి తీసింది. పొయ్యి మంట మీద వేస్తే మిరపకాయలు నల్లగా మాడిపోయాయి గానీ కొంచెం కూడా ఘాటు రాలేదు. ముగ్గురిలో ఎవరికీ దగ్గు రాలేదు.

మరునాడు వాన తెరిపిచ్చింది. దారి ఇంకా తెగే ఉందని ఆయన పనికి పోలేదు, హాల్లో నిద్రపోతున్నాడు. నేను లాప్‌టాప్ తెరిచింది తెరిచినట్టే వదిలి బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోయాను. దిగి వచ్చేసరికి అత్త నా కుర్చీలో కూర్చుని ఉంది. చెయ్యి మౌసు మీద ఉంది.

"ఏం చేశావత్తా?"

"నా పేరు తీసేసినా."

చూశాను. నిజమే. తీసేసిన వాళ్ల పేజీలో మెళ్లో గొలుసుతో, తుడిచిన కమ్మలతో అత్త. ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఏ చోట నొక్కితే ఏం వస్తుందో ముందురోజు నా వెనక నిలబడి చూసి గుర్తు పెట్టుకుంది.

"నీకేమన్నా పిచ్చా?" అని అరిచాను.

"మెల్లిగా మాట్లాడు, వాడు పడుకోనుండాడు" అంది. "వాడి పేరు పిలిచి పంపించినావు. మళ్లా లేదు పొమ్మంటే వచ్చింది ఊరికే పోతాదా? నిన్న నీళ్లల్లో సూసిపోయింది వాణ్ని. మళ్లా వస్తాది. వాడి బదులు నా పేరిచ్చినా. ఇంక వాడి జోలికి రాదు."

"ఇప్పుడే వెనక్కి తెస్తాను, లే."

అత్త లేచింది. నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు నేను అనుకున్నంత ముసలి పట్టు కాదు. హాల్లోకి తీసుకుపోయి, నిద్రపోతున్న కొడుకు తల మీద నా అరచెయ్యి పెట్టింది.

"నా పేరు తిరిగి పెట్టనని సెప్పు."

నాకు కోపం నషాళానికి ఎక్కింది. చదువులేని మూర్ఖత్వం అనుకున్నాను. ఈ గోల ఎలాగైనా వదిలితే చాలనుకుని, "సరే, పెట్టను" అన్నాను. ఆయన కళ్లు తెరిచి ఏమిటని అడిగాడు. "ఏం లేదు, పడుకో" అంది అత్త.

బెంగళూరు వాళ్లకు చేసి చూపించాను. అన్నీ బాగున్నాయన్నారు. తీసేసిన వాళ్ల పేజీ తెరిచినప్పుడు, ఈమె ఎవరని ఒకాయన అడిగాడు. మేనేజరు అన్నాను. చాలా సహజంగా ఉంది, నిజం కంపెనీ లాగా అన్నాడు. ఉద్యోగం వచ్చింది. ఇంట్లో పాయసం చేసింది అత్తే.

ఆ నెల నేను ఎలా గడిపానో చెప్పలేను. పొద్దున్న లేవగానే లాప్‌టాప్ తెరిచి ఆ పేజీ చూసేదాన్ని. అత్త పేరు, ఎదురుగా ఎప్పటికి పూర్తిగా పోతుందో ఆ తేదీ. తర్వాత వంటింట్లోకి పోయి అత్తను చూసేదాన్ని. ఆమె దగ్గితే నా చేతిలో పని ఆగిపోయేది. స్నానాల గదిలో ఎక్కువసేపు ఉంటే తలుపు కొట్టేదాన్ని. అత్త మాత్రం దేనికీ తొందరపడలేదు. తన ఊరికి పోయి అందర్నీ పలకరించి వచ్చింది. తన మంచి చీరలు రెండు ఆడబిడ్డకు పంపింది. తను పట్టే ఊరగాయ కొలతలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది, అంతకు ముందు ఎన్నిసార్లు అడిగినా చెప్పనిది. మా ఆయనకు ఇవేమీ తెలియవు. నాకు ఉద్యోగం వచ్చినందుకు అమ్మ మెత్తబడిందని సంతోషపడ్డాడు.

ఆఖరి రోజు వచ్చింది. అనపకాయల కాలం మొదలైంది అప్పటికి. పితికిపప్పు చేయాలని అత్త రాత్రే గింజలు నానబెట్టి, మధ్యాహ్నం హాల్లో గోడకు ఆనుకుని కూర్చుని ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య పితుకుతూ ఉంది. తొక్క ఒక పక్క, పప్పు ఒక పక్క. నేను బల్ల దగ్గర, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాను. పేజీ తెరిచి ఉంది. వెనక్కి తెచ్చే బటను మీద బాణం గుర్తు పెట్టుకుని ఉన్నాను.

నొక్కితే అత్త పేరు తిరిగి వస్తుంది. ఒట్టు పోతుంది. ఒట్టు పెట్టింది ఆయన తల మీద. ఆయన ఆ వేళకు ఫ్యాక్టరీలో ఉన్నాడు, సాయంత్రం అదే దారిలో, అదే వాగు మీదుగా రావాలి. ఇదంతా వట్టిదని నాకు తెలుసు. అది కంప్యూటరులో ఒక వరస అని నాకంటే బాగా ఎవరికి తెలుసు? వట్టిదే అయితే నొక్కడానికి ఏమిటి కష్టం? వట్టిదే అయితే నొక్కకపోయినా నష్టం లేదు కదా. ఇలా ఎన్నిసార్లు తిప్పి చెప్పుకున్నా నా వేలు ఒకవైపుకే మొగ్గింది. ఒక పక్క ఆయన, ఒక పక్క అత్త. నేను నొక్కలేదు. లాప్‌టాప్ మూసేసి, ఆమె పక్కన కూర్చుని గింజలు పితకడానికి సాయం పట్టాను.

మరునాడు పొద్దున్న చూస్తే ఆ పేజీలో ఎవరూ లేరు. అత్త కాఫీ కలిపి తెచ్చింది.

"నిన్నటితో అయిపోయింది కదా?" అంది.

ఆమె కూడా రోజులు లెక్క పెట్టుకుంటూనే ఉందని అప్పుడు తెలిసింది.

"అయిపోయింది."

"నువ్వేమన్నా సేసినావా? తిరిగి పెట్టినావా నాకు తెలీకుండా?"

"లేదత్తా. ఒట్టు వేశాను కదా."

అత్త గ్లాసు నా చేతికి ఇవ్వబోతూ ఆగింది. ఆమె మొహంలో అంతవరకూ ఏదో ఉండింది, ఆ మాటతో పోయింది. నాకు అర్థమైంది. నేను ఒట్టు తప్పి ఉంటానని ఆమె ఆశపడింది. ఈ పొగరుమోతు కోడలు ఎవరి మాటా వినదు కదా, నా మాట మాత్రం ఎందుకు వింటుంది, చాటుగా నొక్కేసే ఉంటుందని నెల రోజులూ అనుకుని ఉంటుంది.

"మంచి పని సేసినావులే" అంది. గ్లాసు నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టి వంటింట్లోకి పోయింది.

అత్త బాగానే ఉంది. నాకు నిజం ఉద్యోగం ఉంది కాబట్టి ఆ శాండ్‌బాక్స్‌తో ఇప్పుడు పని లేదు. కానీ వాడకుండా వదిలేస్తే సబ్‌స్క్రిప్షన్ పొడిగించరు, కంపెనీ మొత్తం, పేర్లన్నిటితో సహా పోతుంది. అందుకని అప్పుడప్పుడూ లోపలికి పోయి ఏదో ఒక పని చేసి వస్తాను. మా ఆయన వేళాకోళం చేస్తాడు. నేను లాప్‌టాప్ తెరిస్తే అత్త వంటింట్లోంచే అడుగుతుంది, "వాడుండాడా?" అని. ఉన్నాడంటాను. తన సంగతి ఆమె అడగదు.